గురువమ్మ ఇవ్వనన్న రక్తం

"నూట నాలుగేళ్ళ ముసల్ది పోతే కేసేటని స్టేషన్లో నవ్వేసినారు భయ్యా! మా మామ్మని ఎవులో సంపేసినారు," అంది గురువమ్మ మనవరాలు నూకరత్నం.

డిటెక్టివ్ బంగారురాజు మొహం ఎర్రబడింది. "పద సీతాలూ," అన్నాడు సహాయకురాలితో.

గురువమ్మ శవం ప్రోతరాపూర్ పేటలోని ఇంట్లో, వంటింట్లో మంచం మీదే ఉంది. ఆమె అన్నదమ్ములూ వందేళ్ళు దాటి బతికినవాళ్ళే. వాళ్ళ జన్యువుల్లో ఏదో తేడా ఉందని, ఒక పరిశోధనశాల నుంచి కన్నారావు అనే ఉద్యోగి వచ్చి నెల క్రితం ఆమె రక్తం తీసుకెళ్ళాడు. మళ్ళీ కావాలని అతను ఫోన్‌లో అడిగితే ఆమె ససేమిరా అంది. ఇవ్వమని మనవడు అప్పలరాముడు గొడవ కూడా పడ్డాడట.

ఎడమ మోచేతి మడతలో తాజా సూదిగుర్తును సీతాలు చూసింది.

"మంచం ఇక్కడెందుకుంది?" అడిగాడు బంగారురాజు.

"ముందుగది కారిపోతంది. నిన్న పొద్దున్నే ఇటు జరిపినాం. బజారెళ్ళి వచ్చేసరికి పేణం లేదు," అంది నూకరత్నం.

"నేను నిన్నంతా బోటు మీదున్నాను. నామీద శక్ చేస్తున్నారా, అంత అనుమానమా?" అప్పలరాముడు మండిపడ్డాడు. తోటివాళ్ళు అది నిజమేనన్నారు.

బంగారురాజు అధికారులతో పోట్లాడి పోస్టుమార్టం చేయించాడు. నిద్రమందు బయటపడింది. తర్వాత పరిశోధనశాలకు వెళ్ళాడు.

"నెలయింది ఆ ఇంటికెళ్ళి," అన్నాడు కన్నారావు. "పాపం, ఆ వంటింటి ఉక్కలో పడుకుంటే ఆ వయసులో ఊపిరాడుతుందా?"

బంగారురాజు అక్కణ్ణుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. మర్నాడు పోలీసుల ఎదుట అందరినీ ఆ ఇంట్లోనే కూర్చోబెట్టాడు. పరిశోధనశాల పెద్ద డాక్టర్ మహాలక్ష్మమ్మ కూడా వచ్చింది.

"మంచం వంటింట్లోకి మారింది ఆమె పోయిన రోజు పొద్దున్నే. నెలనుంచి రానివాడివి, నీకెలా తెలిసింది కన్నారావ్?" అడిగాడు బంగారురాజు. "నీ నిర్లక్ష్యం వల్ల మొదటి రక్తం పాడైపోయింది. అది దాచడానికి మళ్ళీ వచ్చావు. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి టీలో నిద్రమందు కలిపావు. ఆ ముసలి గుండె తట్టుకోలేదు. పాడైన ఆ మొదటి రక్తం, పక్కనే ఆమె తాజా రక్తం ఈ పొద్దున నీ ఫ్రిజ్‌లో పోలీసులకు దొరికాయి."

"మొదటిది భద్రంగా ఉందని నాతో అబద్ధమాడావా!" మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది.

కన్నారావు చెమట తుడుచుకున్నాడు. "చంపాలనుకోలేదు. ఎలాగూ ఇవాళో రేపో పోయే మనిషే కదా..."

నూకరత్నం అతని చెంప పగలగొట్టింది.

"ఆ రేపు మా మామ్మది! నీదేటి?"

పోలీసులు కాసేపు ఆమెను ఆపలేదు.