తవిటయ్య ఒంట్లో పాదరసం

పొద్దున ఎనిమిదిన్నరకు తవిటయ్య ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, సంచిలో నాలుగు పాత నూలుచీరలు పెట్టుకుని విశ్వవిద్యాలయం గేటు దాటి బయటికి పోబోయాడు. గేటుకున్న జాడద్వారం ఎర్రదీపం వెలిగించింది.

"ప్రమాదకర పదార్థం: పాదరసం. పంపేవారి సంతకం లేదు. దయచేసి వెనక్కి వెళ్లండి" అంది మర్యాదగా.

"నా దగ్గర పాదరసమేంటి, నీ మొహం!" అంటూ ఆయన సంచి బోర్లించాడు. సంచి అక్కడే వదిలేసి ఒట్టి చేతులతో నిలబడ్డాడు. మళ్లీ ఎరుపే.

అవతల, ఊళ్లో ఆసుపత్రిలో, కూతురు నీలవేణి నొప్పులు పడుతోంది. తల్లి లేని పిల్ల. తొలికాన్పుకని వచ్చి అయిదు నెలలుగా ఆవరణలోని క్వార్టర్స్‌లో తండ్రి దగ్గరే ఉంది. నిన్న సాయంత్రం అల్లుడు ఆసుపత్రిలో చేర్చాడు. వెళ్తూ వెళ్తూ, "పొద్దున్నే వచ్చెయ్ నాన్నా, నువ్వు లేకపోతే నాకు భయం" అంది. వస్తానని మాటిచ్చాడు.

జాడద్వారాలు వచ్చి పన్నెండేళ్లయింది. అంతకుముందు ప్రయోగశాలల్లో మిగిలిన ఆమ్లాలు, వర్క్‌షాపుల్లోని మాడిన నూనెలు సింకుల్లోంచి చెరువుల్లోకి పోయేవి. ఎవరిదీ పాపం అంటే పలికే నాథుడు ఉండేవాడు కాదు. ఇప్పుడలా కాదు. విద్యాలయం కొనే ప్రతి విషంలోనూ గుర్తురేణువులు కలుపుతారు. చుక్క ఎక్కడ దొరికినా అది ఎవరిదో తెలిసిపోతుంది. వాడేసిన సరుకు లోపలి శూన్యకొలిమిలో కాగి విషం విడిపోవాలి, లేదా "ఇది మాదే, మేమే పుట్టించాం" అని సంతకం పెట్టాకే గేటు దాటాలి. చెరువుల్లో మళ్లీ చేపలు తిరుగుతున్నాయి. మంచి యంత్రమే, కాదనడానికి లేదు.

వ్యర్థరక్షణ అధికారి హైమవతి గబగబా వచ్చి, గేటు లెక్కలు చూపే చేతిపలక చూసుకుంది. రెండుసార్లు చూసింది.

"రాత్రి గేటుకి కొత్త కన్ను అమర్చారు తవిటయ్యగారూ. ఇదివరకు సీసాలనే పట్టేది. ఇప్పుడు రేణువున్నా పట్టేస్తోంది. మీ సంచిలో ఏమీ లేదు."

"మరింకెక్కడుంది మేడం?"

"మీ ఒంట్లో."

తవిటయ్య తన అరచేతులకేసి చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా పరికరాల వర్క్‌షాపులో గాజుగొట్టాల్లో పాదరసం నింపే పని ఆయనదే. బల్ల మీద పడ్డ పూసల్ని అట్టముక్కతో కూడదీసి సీసాలో పోసి కొలిమికి అప్పజెప్పేవాడు. ఒక్క పూస వదలడని పేరు. ఆవిరి అట్టముక్కకి దొరికేది కాదు. అది ముక్కులోంచి పోయి లోపల కాపురం పెట్టింది.

"అయితే ఆ సంతకమేదో పెట్టి పడెయ్యండి, పోతాను. పిల్ల ఎదురుచూస్తోంది."

"నాది చెల్లదండీ. రిజిస్ట్రార్‌గారే పెట్టాలి."

ఆవిడ పక్కకెళ్లి చాలాసేపు ఫోన్లో మాట్లాడింది, బతిమాలింది. తిరిగొచ్చి తలెత్తలేదు.

"పెట్టరట. పెడితే మీ ఒంట్లోకి విషం మా వల్లే చేరిందని ఒప్పుకున్నట్టవుతుందట. న్యాయసలహా వచ్చేదాకా ఆగమన్నారు."

"గోడ దూకుతాను."

"గోడకీ అదే కన్ను. సంతకం లేకుండా బయట దొరికితే దిక్కులేని వ్యర్థమని పట్టుకుపోతారు. అంతపని చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

పదకొండింటికి నీలవేణి ఫోన్ చేసింది. "నాన్నా, ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గరే తల్లీ, బయల్దేరుతున్నా."

పన్నెండింటికి అదే మాట. ఒంటిగంటకీ అదే మాట. రెండు దాటాక ఫోన్లో పసిబిడ్డ ఏడుపు వినపడింది. ఆడపిల్ల అన్నాడు అల్లుడు. తవిటయ్య గేటు ముందు నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అటూ ఇటూ పోయే విద్యార్థులు చుట్టు తిరిగి వెళ్లారు.

న్యాయసలహా రాలేదు. సంగతి ఎలా చెప్పాలో తెలియక, గేటుకి మరమ్మతని కూతురికి అబద్ధం చెప్పాడు. పదకొండోరోజు పురిటిస్నానం కాగానే నీలవేణి ఆగలేకపోయింది. బిడ్డని గుడ్డలో చుట్టుకుని ఆటోలో వచ్చి గేటు అవతల దిగింది.

"అక్కడే ఉండమ్మా! దూరం నుంచే చూస్తాను" అన్నాడు తవిటయ్య లోపలినుంచి.

ఆమె నవ్వుతూ బిడ్డని పైకెత్తింది. జాడద్వారం పచ్చదీపం వెలిగించింది. తలుపులు వాటంతటవే బార్లా తెరుచుకున్నాయి.

"మన విశ్వవిద్యాలయపు పదార్థం తిరిగి వచ్చింది. లోపలికి రండి."

తవిటయ్యకి మొదట అర్థం కాలేదు. పక్కనే ఉన్న హైమవతి పలక చూసి కళ్లు మూసుకుంది.

"ఎవరిలో మేడం?"

"ఇద్దరిలోనూ."

అయిదు నెలలు. రోజూ ఆయన వర్క్‌షాపు బట్టలు విదిలించి ఉతికింది ఆ పిల్లే. "నువ్వు కూర్చో నాన్నా, కడుపు నాకేం అడ్డం కాదు" అనేది.

"రాకు తల్లీ! వస్తే మళ్లీ పోనివ్వదు! రాకు!"

"గేటు బాగైంది కదా నాన్నా!" అంటూ నీలవేణి అప్పటికే గబగబా లోపలికి వచ్చేసింది. వెనకాల తలుపులు మూసుకున్నాయి. ఆమె తిరిగి కూడా చూడలేదు. సరాసరి తండ్రి దగ్గరికొచ్చి బిడ్డని అందించింది.

"తీసుకో నాన్నా. అచ్చం అమ్మ పోలికే."

తవిటయ్య చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.