చెయ్యి పెట్టని చక్రం

"బండి ఇస్తారా, ఇవ్వరా?" అని డ్రైవరమ్మాయి అడిగిన మొదటి మాటకే మెకానిక్‌కి ఒళ్ళు మండింది.

"ఇవ్వను," అన్నాడు, బస్సు కింద నుంచి తల కూడా బయటపెట్టకుండా.

"లేటైతే స్టాపులో జనం తిట్టేది నన్ను. మిమ్మల్ని కాదు."

"తిట్టించుకోండి. తిట్లకి ఎవరి కాళ్ళూ విరగవు."

డిపోలో అతన్ని అందరూ చాదస్తం అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. చక్రం బిగించాక పానా పక్కన పెట్టి, ఒక్కో నట్టునీ వేలితో తడిమి, చివరికి చక్రం మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని పెదాలు కదిపేవాడు. అప్పుడుగానీ సంతకం పెట్టేవాడు కాదు. ఆ రోజు ఆమె బస్సుకీ అదే తంతు జరిగింది. సీట్లో కూర్చుని అద్దంలో చూస్తున్న ఆమె, తనని శపిస్తున్నాడనుకుంది. కొత్తగా చేరిన పిల్ల, డిపో మొత్తానికీ ఒకే ఒక్క ఆడ డ్రైవరు. అప్పటికే చాలామంది నోళ్ళలో నానుతోంది. ఇంకొకడు గొణిగితే ఊరుకుంటుందా?

ఇంజను ఆపి దిగింది. "ఏమిటా గొణుగుడు? ధైర్యముంటే మొహం మీద అనండి."

చాదస్తం చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్ని కాదండీ. ప్రార్థన."

"చక్రానికా?"

"ఎక్కేవాళ్ళకి. ప్రభువా, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే దిగాలి. అంతే. పొడుగు ప్రార్థనలు నాకు రావు."

ఆమె ఏదో అనబోయి, నవ్వొచ్చి, ఆ నవ్వు దాచుకోబోయి, అదీ కుదరక బండెక్కేసింది. ఆమె పాస్టరు గారి కూతురు. పుట్టినప్పటినుంచీ ప్రార్థనలు వింటూ పెరిగింది గానీ, ఇంత పొట్టి ప్రార్థన ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత చినుకు పడితే చాలు, ఆమెకి షెడ్డులో పని పడేది. వైపరు కీచుమంటోందని ఒకసారి, అద్దం వణుకుతోందని ఇంకోసారి. అన్నీ సాకులేనని అతనికి తెలుసు. తెలిసీ అన్నీ విప్పి చూసేవాడు. వానాకాలం ముగిసేలోపు మీరు కాస్తా నువ్వయింది.

"నాన్నతో మాట్లాడు," అంది ఒక రోజు.

పాస్టరు గారు మంచివారే గానీ పట్టుదల మనిషి. కూతురు బస్సు నడపడమే ఆయనకి మింగుడుపడలేదు. ఆ బస్సు ఒక్కసారైనా ఎక్కలేదు. "లోకం పనులు చేసేవాళ్ళు కోకొల్లలు. దేవుడి పని చేసేవాడికే నా పిల్లనిస్తాను," అని చర్చి సంఘంలో అందరి ముందూ అన్న మనిషి.

ఆయన ఎదుట చాదస్తం చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత రుద్దినా గోళ్ళలో గ్రీజు పోలేదు మరి. "ఏం చేస్తుంటావు బాబూ?" అని ఆయన అడగడమే ఆలస్యం, నోరు జారింది.

"దేవుడు నన్ను సేవకి పిలిచాడండీ. ఉద్యోగం మానేస్తున్నాను."

పిలుపు లేదు, పాడు లేదు. కానీ ఆ పెద్దాయన మొహం వెలిగిపోవడం చూశాక మాట వెనక్కి తీసుకునే ధైర్యం చాల్లేదు. ఆదివారమే అతన్ని సేవకి అంకితం చేసే ప్రతిష్ఠ ఆరాధన అన్నారు. పిలుపు ఎలా వచ్చిందో సంఘం ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. అన్నింటికీ తలూపి వచ్చాడు.

శనివారం ఆమె షెడ్డుకొచ్చి నిలదీసింది. "నిజంగా పిలిచాడా?"

"పిలిచాడు."

"నా మొహం చూసి చెప్పు."

అతను పానా వైపు చూశాడు. "పని ఉంది, తర్వాత మాట్లాడదాం."

"నాన్న కోసం ఈ రోజు ఒక అబద్ధం. రేపు నా కోసం ఇంకోటి చెప్పవా? చర్చిలో నువ్వు మోకరించేలోపు ఆయనకి నిజం చెప్పు. లేదంటే నా బండి దగ్గరికే రాకు."

ఆ సాయంత్రమే ఆమె బస్సు ముందు చక్రం విప్పి బ్రేకు చూసి మళ్ళీ పెట్టాడు. చేతులు చక్రం దగ్గరున్నాయి గానీ, మనసు సాక్ష్యం బట్టీపడుతోంది.

ఆదివారం పొద్దున్నుంచీ వాన. చర్చి కిటకిటలాడుతోంది. ఆమెకి పొద్దుటి డ్యూటీ. ట్రిప్పు ముగించుకుని వస్తానంది. బట్టీపట్టిన సాక్ష్యం గడగడా అప్పజెప్పి చాదస్తం మోకరించాడు. తెల్ల అంగీలో ఉన్న పాస్టరు గారు అతని తలమీద అరచెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ చేతి బరువు తగలగానే అతనికి ఆమె బస్సు చక్రం గుర్తొచ్చింది. నిన్న తన చెయ్యి ఎక్కడుంది? నట్లు వేళ్ళతో తిప్పి పెట్టాడు. ఈలోపు సంతకం కోసం ఎవరో తొందరపెట్టారు. పెట్టేశాడు. పానాతో బిగించాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. చెయ్యి ఆనించలేదన్నది మాత్రం ఖాయం. ఈపాటికి ఆమె కొండ దారికి దగ్గరవుతూ ఉంటుంది, బండి నిండా జనంతో.

"అయ్యగారూ, చెయ్యి తియ్యండి."

ఆయన కళ్ళు తెరిచారు.

"నన్నెవరూ పిలవలేదండీ. అబద్ధం చెప్పాను. అమ్మాయి బస్సు చక్రం... నేను సరిగ్గా బిగించలేదనుకుంటా."

మొదటి మాటకి చర్చిలో కలకలం రేగింది. రెండో మాటకి పాస్టరు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన అంగీ పైకెత్తి జేబులోంచి స్కూటరు తాళం తీశారు.

డ్యూటీలో ఆమె ఫోను తియ్యదు. డిపోకి చేస్తే ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. చాదస్తం స్కూటరు నడుపుతుంటే పాస్టరు గారు వెనక కూర్చుని అతని భుజం గట్టిగా పట్టుకున్నారు. "నా బిడ్డకేమన్నా అయితే..." అని ఒక మలుపులో అన్నారు. అతనికి రోజూ చేసే ఆ ఒక్క ముక్క ప్రార్థన కూడా నోట రాలేదు. ఎక్కినవాళ్ళు, ఎక్కినవాళ్ళు, అని అక్కడే ఆగిపోయాడు.

కొండ దారి మొదట్లో బస్సు ఆగి ఉంది. జనం గొడుగులేసుకుని పక్కన నిలబడ్డారు. ముందు చక్రం దగ్గర ఆమె తడిసి ముద్దయి కూర్చుంది.

అతను స్కూటరు ఆపి దిగి, పరిగెత్తాల్సిన నాలుగడుగులూ నడిచాడు.

"స్టీరింగు వణికింది," అంది ఆమె. "దిగి చూస్తే నట్లు చేతికే తిరుగుతున్నాయి. నిన్న నువ్వు చెయ్యి పెట్టలేదని చూశాను. దగ్గరికి రావద్దన్నానని అలిగావనుకున్నా. నేనూ బింకానికి పోయి చూసుకోకుండా బయల్దేరాను."

"తప్పు నాది. అయ్యగారికి నిజం చెప్పేశాను."

"ఎప్పుడు?"

"మోకరించాక."

"మోకరించేలోపు అన్నాను కదా."

"లేటైంది."

"నీకెప్పుడూ లేటే." ఆమె కళ్ళు తుడుచుకుని పానా అతని చేతిలో పెట్టింది. "ముందు బిగించు. ఏడవడానికి తర్వాత టైముంది."

వెనకొచ్చిన బస్సు జనాన్ని ఎక్కించుకుని వెళ్ళింది. అతను ఒక్కో నట్టూ బిగించాడు, ఒక్కోదాన్నీ తడిమాడు. పాస్టరు గారు వెళ్ళేవాళ్ళలో ఒకరిని అడిగి తీసుకున్న గొడుగుని అతని తలమీద పట్టుకున్నారు. చివరికి అతను చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. పెదాలు కదిలాయి.

"ఏమని అడిగావు?" అన్నారు ఆయన.

చెప్పాడు.

ఆయన గొడుగుని ఇంకాస్త ముందుకు వంచారు. "మా సంఘంలో సగం మంది ఈ బస్సుల్లోనే వస్తారు. వాళ్ళని క్షేమంగా తెచ్చినందుకు ప్రతి ఆదివారం దేవుడికి స్తోత్రం చెబుతాను. ఎవరి చేతులతో తెచ్చాడో మాత్రం ఒక్కనాడూ అడగలేదు."

"ఆ చేతులే నిన్న మర్చిపోయాయండీ. డిపోలో నేనే చెప్పేస్తాను. ఉద్యోగం ఉంచుతారో, తీసేస్తారో."

"చెప్పాల్సిందే. నేనూ నీతో వస్తాను." అతను లేవబోతే ఆయన ఆపారు. "ఆ చెయ్యి అక్కడే ఉంచు. నా ప్రార్థన సగంలో ఆగిపోయింది."

ఈసారి ఆయన చెయ్యి అతని తలమీదకి వెళ్ళలేదు. గ్రీజు అంటిన ఆ చేతి మీదకే వచ్చింది. తెల్ల అంగీ చివర నల్లబడింది.

"ప్రభువా, ఇతన్ని ఈ పనికే ప్రతిష్ఠిస్తున్నాను. ఈ పిల్లవాణ్ణి నా ఇంటికి కొడుకుగా ఇయ్యి. అబద్ధాలు మాత్రం మాన్పించు."

ఆమేన్ అని ఆమే ముందుగా అంది, నవ్వుతూ ఏడుస్తూ.

ఖాళీ బస్సుని మెల్లగా డిపోకి చేర్చాలి. ఆమె సీట్లో కూర్చుని అద్దంలో చూసింది. "ఏం చాదస్తం, ఎక్కవా?"

"నీ బండి దగ్గరికి రావద్దన్నావుగా?"

"ఎక్కు."

పాస్టరు గారు స్కూటరు వైపు ఒకసారి చూసి, అంగీ పట్టుకుని తనూ మెట్లెక్కారు. కూతురి వెనక సీట్లో, మొదటిసారి డాక్టరు గదికి వచ్చిన మనిషిలా బిగుసుకుని కూర్చున్నారు.

"నీ బండి ఎప్పుడూ ఎక్కలేదమ్మా," అన్నారు. "మెల్లగా పోనియ్యి."

ఆమె స్టీరింగు మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఎక్కినట్టే దింపుతాను నాన్నా," అంది.