ఉప్పునీళ్ళు రెండు బిందెలు

సింధుశ్రీకి ఆ చేపల తొట్టి అంటే మొదటి నుంచీ అసహ్యమే. అందులో చూడ్డానికి ఏముందని? చిటికెనవేలి గోరంత ఎర్రటి చేపలు మూడు. అవి కూడా రోజంతా రాతి బొక్కలో దాక్కునేవే. మొగుడు గిరీశ్ బెంగళూరు నుంచి వాటిని ముద్దుగా తెచ్చి, ఇవి సముద్రపు చేపలు, గోబీలంటారు అని చెబితే, అత్త యశోదమ్మ పావగడ బస్టాండు దగ్గర బండి మీద వేయించి అమ్మే గోబీ మంచూరియా ఇదేనా అని అడిగింది. సముద్రం మొహం ఎరగని ఈ ఎండలో, వాకిట్లో నిలబడితే సోలార్ పలకలు తప్ప మరేమీ కనిపించని ఇంట్లో, ఆ మూడింటికీ ప్రత్యేకంగా ఒక లోపలి గది. మహా సిగ్గరి చేపలట. వాటి కోసం కిటికీకి ఎప్పుడూ దుప్పటి కట్టే ఉండాలి.

సింధుశ్రీకి పట్టింపల్లా కూతురి పళ్ళు. పుట్టింటి మంగళవాడలో బోరునీళ్ళు తాగి పెరిగిన పాపానికి తన పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. నవ్వొస్తే ఇప్పటికీ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అందుకే ఆరేళ్ళ వినుతకు తాగడానికీ, వంటకీ, చివరికి నోరు పుక్కిలించడానికీ ఫిల్టర్ క్యాన్ నీళ్ళే. పై వరసలో పాలపన్ను ఊడి వారమైంది. కొత్తది తెల్లగా రావాలని రోజూ పిల్ల పెదవి ఎత్తి చూసుకుంటోంది.

గిరీశ్ సోలార్ పార్కులో టెక్నీషియను. ట్రైనింగని బెంగళూరు వెళ్ళినవాడు గురువారం ఫోన్ చేసి, తొట్టిలో కాసిని నీళ్ళు తీసేసి ఉప్పునీళ్ళు రెండు బిందెలు పోయమన్నాడు. సముద్రపు ఉప్పు కలిపి తను డ్రమ్ములో పెట్టి వెళ్ళిన నీళ్ళని అతని ఉద్దేశం. ఫోన్ ఎత్తింది యశోదమ్మ. ఆ ఊళ్ళో ఉప్పునీళ్ళంటే బోరునీళ్ళే. ఆమె అవే పోసింది.

శనివారం ఒంటిపూట బడి. వినుత ఇంటికొచ్చి, అన్నం వద్దని తల ఊపి చాప మీద పడుకుంది. ఎండ తగిలిందనుకుని సింధుశ్రీ చేపలకు మేత వేయడానికి లోపలి గదిలోకి వెళ్ళింది.

తలుపు తియ్యగానే కంపు. ఉప్పు వాసన కాదు, నీచు వాసన కాదు. పాచినోటి కంపు. ఎవరో మొహంలో మొహం పెట్టి ఊపిరి వదిలినట్టుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గరికెళ్ళింది. మోటారు సన్నగా మూలుగుతోంది. అద్దం లోపలి వైపు తెల్లటి జిగురు పట్టి తీగలు తీగలుగా సాగుతోంది. చేపలు కనిపించలేదు.

ఫోన్ టార్చ్ వేసి రాతి బొక్కలోకి చూసింది. లోపల పైకప్పుకు తెల్లగా ఏవో వరసగా అంటుకుని ఉన్నాయి. గోబీలు కుదురుకుంటే అక్కడే గుడ్లు అంటిస్తాయని గిరీశ్ చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆమెకు కాస్త సంతోషమే వేసింది. ఫొటో తీసి పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

“గుడ్లు ఆవగింజ కన్నా చిన్నగుంటాయి. ఇవేంది సింధూ?”

ఫొటోను పెద్దది చేసి చూసింది.

పళ్ళు.

చిన్నపిల్లల పళ్ళు... ఒక్కోదాని మీద గోధుమరంగు చార. మొదళ్ళలో ఎర్రగా, తడిగా చిగురు.

అదేదైనా సరే, బిడ్డ తిరిగే ఇంట్లో ఉండకూడదు. అంతకుమించి ఆలోచించలేదు. రాయిని తీసి పారేద్దామని తొట్టిలో చెయ్యి పెట్టింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఉమ్మిలా చిక్కగా ఉన్నాయి. వేలు బొక్కలోకి జారింది... మెత్తగా... ఆ బొక్కే ఆమె వేలిని పట్టుకుంది. కొరకలేదు. చప్పరించింది. పాలు తాగే బిడ్డలా... ఒకసారి... మళ్ళీ ఒకసారి...

రాయితో సహా చెయ్యి బయటికి లాగి నేలకేసి కొట్టింది. రాయి రెండు ముక్కలైంది. లోపల పళ్ళు లేవు. చేపలూ లేవు. వేలి నుంచి మోచేతి దాకా జొల్లు కారుతోంది.

చప్పుడు విని యశోదమ్మ వచ్చి గడప అవతలే ఆగింది.

“యాడివత్తా ఆ నీళ్ళు?”

“మన ఎండిపోయిన బోరువి. పదేండ్లుగా చుక్క రాలేదు గదా... మొన్న స్విచ్చేస్తే వచ్చినాయి.” గొంతు తగ్గించింది. “పాప కూడా అప్పుడు ఈడనే ఉండె. చేపలు బయటికొచ్చినాయని తొట్టిలో మొగం పెట్టి చూస్తా ఉండె.”

సింధుశ్రీ పరిగెత్తింది. వినుత కళ్ళు తెరుచుకునే పడుకుని ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. పై పెదవి కింద ఏదో మెల్లగా కదిలి ఆగింది. నోరు తెరవమని బతిమాలినా తెరవలేదు. చివరికి బొటనవేలితో పెదవి ఎత్తి టార్చ్ వేసింది. అదే కంపు.

పళ్ళన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆమె ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది. అప్పుడు పన్ను ఊడిన చోట చూసింది. చిగుట్లో చిన్న బొక్క... అందులోంచి రెండు నల్లటి కళ్ళు ఆమె వైపే చూస్తున్నాయి. వెలుతురు పడగానే మెల్లగా లోపలికి జరిగాయి.

“పెదవి వదులు మా...” అన్న గుసగుస వినిపించింది. “గుడ్లు పెడతాండాయి.”

గొంతు వినుతదే. పెదవి ఇంకా సింధుశ్రీ బొటనవేలి కిందే ఉంది. పిల్ల నాలుక కదలలేదు.