లోతు వైపు నుంచి మూలుగు

ఆ ఈతకొలనుకి నీళ్ళున్న రోజుల్లోనే అంత మంచి పేరు లేదు. నీళ్ళు తీసేశాక మరీ పాడైంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మరమ్మతు కోసమని ఒక సాయంత్రం కొలను ఖాళీ చేశారు. ఆ సంగతి తెలియని ఈతగాడొకడు ఆ రాత్రి గోడ దూకి లోపలికి వచ్చాడు. దీపాల్లేవు. రోజూ ఈదే చోటే కదా అని ఎత్తు పలక ఎక్కి, చేతులు ముందుకి చాచి, లోతు వైపుకి దూకాడు...

తర్వాత అక్కడ మళ్ళీ నీళ్ళు నింపలేదు. కానీ రాత్రి పదిన్నర దాటితే లోతు వైపు నుంచి మూలుగు వినిపిస్తుందని చెప్పుకుంటారు. నిజంగా విన్నవాళ్ళు ముగ్గురుంటారేమో. విన్నామని చెప్పేవాళ్ళు మూడు వందల మంది.

అలాంటి చోటుని ఊరి ఆర్కెస్ట్రాకి ఊరికే ఇచ్చారు. ఇంకెవరూ అడగలేదు మరి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరింటికి పాతికమంది కుర్చీలు మోసుకుంటూ నిచ్చెన దిగి, ఆ నీలం టైల్స్ మధ్య కొలను అడుగున కూర్చునేవారు. తక్కువ లోతు వైపు వయొలిన్లు, మధ్యలో ఫ్లూట్లు, లోతు వైపు ట్రంపెట్లూ డ్రమ్ములూ. పళ్ళ డాక్టరమ్మ, బస్సు డ్రైవరు, లెక్కల టీచర్లు ఇద్దరు, ఒక టైలరు — పగలంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని, సాయంత్రానికి సంగీతం మీద పడేవారు. బాగా వాయిస్తారని ఎవరూ అనలేదు. వాళ్ళూ అలా అనుకోలేదు. వాళ్ళలో మెచ్చుకోదగ్గ గుణం అదొక్కటే.

ఈ ఏడు వాళ్ళకి ఒక కోరిక పుట్టింది. ఎవరో ఎప్పుడో ఎవరి కోసమో రాసింది కాకుండా, తమ కోసం రాసిన కొత్త సంగీతం కావాలట. ఆర్కెస్ట్రాకి పెద్ద అయిన డాక్టరమ్మ ఉత్తరం రాసి ఒక కంపోజర్ని పిలిపించింది.

కంపోజర్ గురించి చెప్పాలంటే ముందు ఆయన మఫ్లర్ గురించి చెప్పాలి. ఎండాకాలంలో కూడా అది మెడ దిగదు. కళాకారుడు గొంతు కాపాడుకోవాలంటాడు. పాట మాత్రం పాడడు. వయసు యాభై దాటింది. పదేళ్ళుగా ఏదైనా రాసిపెట్టమని ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అక్క ఇంట్లో, బట్టలు ఆరేసే గదిలో మంచం వేసుకుని, నెత్తి మీద తడి దుప్పట్లు కారుతుంటే సంగీతం గురించి ఆలోచిస్తూ ఉంటాడు.

డాక్టరమ్మ ఉత్తరాన్ని ఆయన నాలుగుసార్లు చదువుకున్నాడు. ఇది రాస్తే తను కంపోజర్. రాయలేకపోతే అక్క మీద పడి తింటున్న తమ్ముడు, అంతే. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. తెలిసిన కొద్దీ ఆర్కెస్ట్రా వాళ్ళ మీద విరుచుకుపడేవాడు.

ఆరు వారాల్లో ఆయన తెచ్చింది నాలుగు వరుసలు. అవి వాళ్ళు మొదలుపెట్టగానే చెవులు మూసుకునేవాడు.

“ఆపండి! డాక్టరుగారూ, అది వయొలిన్ అండీ. రోగి నోరు కాదు.”

ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది టైలరు. స్కూలు యూనిఫారాలు కుట్టుకునే మనిషి. మనిషంత ఎత్తుండి, నిలబడి వాయించాల్సిన డబుల్ బేస్ ఆయనది. అరవై దగ్గర పడ్డాయి, వేళ్ళు చురుగ్గా కదలవు. అందరూ ముగించి వాయిద్యాలు దించేశాక ఆయన ఆఖరి స్వరం తీరిగ్గా వచ్చేది.

“టైలర్ గారూ, వాయిస్తున్నారా, మంచం జరుపుతున్నారా?”

అందరూ నవ్వారు. తిట్టు తమ మీద పడనందుకు నవ్విన నవ్వు అది. టైలరు కూడా నవ్వి, “ఇంకొంచెం సాధన చేస్తానండీ,” అన్నాడు.

కచేరీ పది రోజుల్లోకి వచ్చింది. డాక్టరమ్మ కంపోజర్ని పక్కకి పిలిచి, పన్ను పీకేముందు మాట్లాడినంత మెత్తగా అడిగింది.

“సార్, పోస్టర్లు అంటించేశాం. కొత్త సంగీతం అని పెద్దక్షరాలతో వేశాం. వచ్చే శుక్రవారానికి మొత్తం ఇస్తారా... లేకపోతే పాతదేదో వాయించుకుంటాం, మీరు శ్రమపడొద్దు.”

“కళ అపాయింట్‌మెంట్ తీసుకుని రాదమ్మా,” అన్నాడు కంపోజర్.

అన్నాడు గానీ, ఇంటికెళ్ళాక ముద్ద దిగలేదు. అక్క చూస్తూనే ఉంది.

“ఏరా, ఎంతవరకూ వచ్చింది?”

“వస్తుందక్కా.”

“పదేళ్ళుగా వస్తూనే ఉంది. ఇదిగో, ఆ గదిలో రాత్రిళ్ళు లైటు వేసి కూర్చోకు. మీ బావకి నిద్ర పట్టట్లేదు. ఇంకెక్కడైనా రాసుకో.”

ఇంకెక్కడ? తాళంచెవి చేతిలో ఉన్నది ఒక్క ఈతకొలనుదే, అదీ డాక్టరమ్మ ఇచ్చింది. మరుసటి రాత్రి కాగితాలు చంకన పెట్టుకుని అక్కడికి చేరాడు. వాచ్‌మన్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళబోతున్నాడు. ఆయన్ని చూసి గొంతు తగ్గించాడు.

“సార్... పదిన్నర దాటనివ్వకండి.”

“దాటితే ఏమవుతుందోయ్?”

“ఆ ఈతగాడు... వాడింకా కిందే ఉన్నాడు సార్.”

“చదువు లేకపోతే ఇంతే,” అని కంపోజర్ అతని మొహం మీదే నవ్వి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

తక్కువ లోతు వైపు ఒక కుర్చీ, ఒక బల్బు. బల్బు వెలుగు కొలను సగం దాకా వచ్చి ఆగిపోయింది. అవతల అంతా నలుపు.

పదిన్నర... ఏమీ లేదు. పదీ ముప్పావు... ఏమీ లేదు. కాగితం మీద కూడా ఏమీ లేదు.

అప్పుడు —

మ్‌మ్‌మ్‌మ్...

పెన్సిలు కింద పడి, ఏటవాలు నేల మీద దొర్లుకుంటూ చీకట్లోకి పోయింది. లోతు వైపుకి.

మ్‌మ్‌మ్... మ్‌మ్...

అది చెవికి వినిపించడం కంటే ముందు అరికాళ్ళకి తగిలింది. నేల అడుగు నుంచి వస్తోంది. టైల్స్‌లోంచి, గోడల్లోంచి, నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వస్తోంది. మనిషి గొంతో, ఇంకేదో తెలియదు. కంపోజర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. అరవకుండా ఉండడానికి మఫ్లర్ కొస నోట్లో కుక్కుకున్నాడు. ఆ మఫ్లర్ ఇన్నేళ్ళలో పనికొచ్చింది అప్పుడే.

లేచి పరిగెత్తాలి. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు...

కూర్చుని వింటే, ఆ మూలుగుకి ఒక నడక ఉంది. పైకి ఎక్కబోయి, ఎక్కలేక ఒక మెట్టు దిగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కింది. ఈసారి ఇంకా పైకి. అక్కడ ఆగిపోయింది... చాలాసేపు ఆగి, ఎవరో క్షమించినట్టు మెల్లగా కిందికి దిగింది.

కంపోజర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళయిందో సంగీతం విని ఏడ్చి! ఇలాంటిది ఒక్కటి రాస్తే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాడు. ఆ అనుకోవడం వరకూ ఆయన మనిషే.

ఆ తర్వాత జేబులోంచి ఇంకో పెన్సిలు తీశాడు.

గబగబా రాశాడు. లోతు వైపు అడుగున నీళ్ళు పోయే ఇనుప జాలీ ఒకటుంది. శబ్దం అందులోంచి వస్తోందని కాసేపటికి ఆయనకి అర్థమైంది. పాతిక అడుగులు వేసి, వంగి, ఫోను లైటు వేస్తే అందులో ఏముందో తెలిసిపోతుంది. ఆయన కదల్లేదు. భయం వల్ల కాదు. భయం అప్పటికే వదిలింది. కింద ఉన్నది దెయ్యమైతే పేచీ లేదు. మనిషైతే, నాది అంటాడు. అందుకని చదువుకున్న మన కంపోజర్, వాచ్‌మన్ కంటే గట్టిగా దెయ్యాన్ని నమ్మాడు.

రెండో రాత్రీ వెళ్ళాడు. మూడో రాత్రీ వెళ్ళాడు. మొత్తం దొరికింది.

శుక్రవారం సాయంత్రం కాగితాలు పంచుతుంటే ఆయన నడకే మారిపోయింది.

“ఇది మీ స్థాయికి మించింది. అయినా ప్రయత్నించండి. మూడు రాత్రులు నిద్ర లేకుండా, నా గుండెలోంచి తీసి రాశాను.”

వాయించారు. తప్పులు దొర్లాయి, తడబాట్లు వచ్చాయి, అయినా సంగీతం నిలబడింది. అంత చెత్తగా వాయించినా చెడిపోని సంగీతం అది. ముగిసేసరికి బస్సు డ్రైవరు ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“సార్... ఇన్నాళ్ళూ మిమ్మల్ని తప్పుగా అనుకున్నాం,” అంది.

కంపోజర్ తల పంకించాడు. అప్పుడు కనిపించింది ఆయనకి — టైలరు ముందున్న కాగితాలు మడత విప్పలేదు. ఎప్పుడూ ఆఖర్న ముగించే మనిషి, ఈరోజు అందరితో పాటు ముగించాడు. కాగితం చూడకుండా.

కంపోజర్ ఆ మడత కాగితాలు వేలితో చూపించాడు.

“మీకిది... ముందే తెలుసా?”

“తెలియకేమండీ,” అన్నాడు టైలరు. “రోజూ రాత్రి కొట్టు కట్టేశాక ఈ జాలీ కింద, వెనక వైపు తలుపున్న పంపు గదిలో వాయించుకునేది ఇదే కదా. ఈ వాయిద్యం మా ఇంటి గుమ్మంలో పట్టదండీ. అందుకని ఏళ్ళ తరబడి అక్కడే పెట్టుకుంటున్నాను.”

డ్రమ్ముల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. “అయితే ఆ ఈతగాడి దెయ్యం మీరేనా!” అన్నాడు బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా ఊరిని వణికించిన దెయ్యం మెడలో కొలత టేపు వేసుకుని సిగ్గుపడుతోంది.

అందరూ నవ్వుతుంటే కంపోజర్ ఒక్కడే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అయిపోయింది. ఇప్పుడు ఈ టైలరు నోరు విప్పి, ఈ పాట నాది అంటాడు. అక్క ఇల్లు, ఆ తడి దుప్పట్లు కళ్ళ ముందు తిరిగాయి. ఇంక దాచి లాభం లేదని, దగ్గరికెళ్ళి, తనకే వినిపించనంత మెల్లగా అడిగాడు.

“ఇది... మీరు రాశారా?”

టైలరు తెల్లబోయాడు.

“నేనా! భలేవారే. ఇది మీదే కదండీ!”

సంచిలోంచి కాగితాలు తీశాడు. అంచులు గోధుమరంగుకి తిరిగిన జిరాక్స్ కాగితాలు, చిరిగిన చోటల్లా సూదీ దారంతో కుట్టి ఉన్నాయి. పై మూల కంపోజర్ పేరు, సంతకం, ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి తేదీ.

“మీరు చదువుకునే రోజుల్లో, మీ కాలేజీ కచేరీలో విన్నానండీ. మళ్ళీ ఎక్కడా వినలేదు. మీ మాస్టారిని బతిమాలి కాపీ తీయించుకున్నాను. కొత్త సంగీతం ఎవరి చేత రాయిద్దామని డాక్టరమ్మ అడిగితే, మీ పేరు చెప్పింది కూడా నేనే.”

కంపోజర్ ఆ కాగితాలు తీసుకున్నాడు. తన చేతిరాతే. పక్కన ఈ మూడు రాత్రులూ రాసింది పెట్టి చూశాడు. వరుసకి వరుస అదే. రెండు చోట్ల కొత్తది తప్పు.

ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆయన వైపు చూస్తోంది. కంపోజర్ మఫ్లర్ సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు.

ఆయన అవస్థ చూడలేక టైలరు దగ్గరికి వంగి, నెమ్మదిగా, ఓదార్పుగా అన్నాడు.

“నేను మరీ నిదానంగా వాయిస్తాను కదండీ... అందుకే మీరు గుర్తుపట్టి ఉండరు.”