చనిపోయినవాడి లాగిన్

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి డేటా సెంటర్ ఇంజనీర్ లోపల నేల మీద కూర్చుని ఉన్నాడు. నిలబడాల్సిన చోట మనిషి కూర్చుని ఉంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఆ ఆఫీసులో ఎవరికీ రాలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆయన కాళ్ళు దాటుకుని ఎక్కి, ఫోన్లు చూసుకుంటూ తమ తమ అంతస్తుల్లో దిగిపోయారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తుందని పోస్టుమార్టం చేసిన డాక్టర్ చెప్పేదాకా అది హత్య అని తేలలేదు.

ఆయన చేసిన తప్పు ఒక్కటే. కొత్తగా వచ్చిన ఫైలుకు డిజిటల్ సంతకం సరిపోవడం లేదేమిటని, దాన్ని పంపిన కంపెనీకి ఈమెయిల్ రాశాడు.

"వర్చువల్ అప్లయన్స్ అంటే తెలుసా?" అడిగాడు పెద్దాయన.

ఆయన గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. కూర్చున్నది మాత్రం ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనక గదిలో, ఎవరివో కోట్ల మధ్య. ఎదురుగా ఉన్న ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్‌లో 'ముల్లు' అంటారు. ఇంట్లోవాళ్ళకు అతను తూనికలు కొలతల ఆఫీసులో గుమాస్తా.

"తెలుసు సార్."

"నాకు తెలీదు. చెప్పు."

ముల్లు పళ్ళు బిగించాడు. చీఫ్‌కు తెలియాల్సింది తాను చెప్పడం అతని ఉద్యోగంలో సగం. "ఇదివరకు ఆఫీసు ఈమెయిళ్ళకు కాపలా కాసే యంత్రం కావాలంటే ఇనప పెట్టె ఒకటి వచ్చేది. ఇప్పుడు ఆ యంత్రమంతా ఒక్క ఫైలుగా వస్తోంది. పెద్ద సర్వర్ మీద హైపర్‌వైజర్ అని సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఇంటి ఓనర్ అనుకోండి. ఒక్క ఇంటిని గదులు చేసి చాలామందికి అద్దెకిస్తుంది. ఈ ఫైలును అందులోకి దింపితే ఇంకో అద్దెదారు వచ్చినట్టు."

"ఈ అద్దెదారు దొంగ. ఆ కంపెనీ ముసుగులో విదేశీ ముఠా తయారుచేసిన సరుకు. ఆ ఇంజనీర్ చనిపోయిన ఆఫీసులో రేపు పొద్దున దింపుతారు. అక్కణ్ణించి నడిచే మన ఈమెయిళ్ళన్నీ వాళ్ళ హెడ్డాఫీసుకు కాపీ అవుతాయి."

"రద్దు చేయించండి."

"చేయిస్తే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. ఎవరు చెప్పారని వెతుకుతారు. ఆ హెడ్డాఫీసులో మనవాడు ఒక్కడే ఉన్నాడు. రేపు అదే పూట విమానం ఎక్కుతాడు. ఎక్కగానే మనకు ఒక మెసేజ్ పెడతాడు. అది వచ్చేది ఈ దారిలోనే. వాళ్ళు చదివారంటే విమానం కదిలేలోపు వాణ్ణి దించేస్తారు."

"పెట్టొద్దని చెప్పండి."

"వాడు మనకు చెప్పగలడు. మనం వాడికి చెప్పలేం."

ముల్లుకు విషయం అర్థమైంది. అప్లయన్స్ దిగాలి. పనిచేస్తున్నట్టు కనబడాలి. చూడాల్సినది మాత్రం చూడకూడదు. "ఎవడు సార్ ఆ మనవాడు?"

పెద్దాయన ఒక కోటు చేతిని అనవసరంగా సర్దాడు. "మీ బావ."

ముల్లు పగలబడి నవ్వాడు. బావ పరుపుల కంపెనీ సేల్స్‌మన్. తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతికించే ఘనుడు. అక్క అలాంటి దద్దమ్మను ఎందుకు కట్టుకుందో ముల్లుకు ఇన్నేళ్ళుగా అంతుపట్టలేదు.

"నీ గురించి చెప్పినప్పుడు ఆయన కూడా ఇలాగే నవ్వాడు," అన్నాడు పెద్దాయన. "తక్కెడలకు ముద్రలు వేసుకునేవాడా అన్నాడు."

అప్పుడు అక్క ముఖం కళ్ళముందు మెదిలింది. నవ్వడం మానేశాడు. బావ అంటే అతనికి ఎంత చులకనో, అక్క అంటే అంత ప్రాణం. ఆ దద్దమ్మ తిరిగి రాకపోతే అక్క బతకదని అతనికి తెలుసు.

"నెమలి కూడా ఉంటుందక్కడ," అన్నాడు పెద్దాయన లేస్తూ. "ఆ కంపెనీలో సేల్స్ డైరెక్టర్. మన మనిషే."

"వాళ్ళ మనిషి కూడా కదా."

"రెండు చోట్లా జీతం తీసుకుంటుంది. రెండు చోట్లా పని బాగానే చేస్తుంది."

డిపార్ట్‌మెంట్ పరికరాలవాడు బూటులో దూర్చిన కెమెరా ఒకటి, నిద్రమందు చిమ్మే పెన్ను ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. ముల్లు రెండింటినీ అక్కడే ఒక కోటు జేబులో పడేసి బయటపడ్డాడు. ఆ కోటు సొంతదారు ఎవరో, ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటాడు.

ఆ సాయంత్రమే దళసరి కళ్ళద్దాలు, చొక్కా కింద దూదితో కుట్టిన బొజ్జ, జేబులో వరసగా పెన్నులు పెట్టుకుని, చనిపోయినవాడి స్థానంలో కొత్త ఇంజనీర్‌గా చేరాడు. తనకిచ్చిన అకౌంట్ అతనికి సరిపోలేదు. ఎవరూ అనుమానించని ఇంకో దారి కావాలి. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి, చనిపోయిన ఇంజనీర్ పేరే చెప్పి, పాస్‌వర్డ్ మరిచిపోయానన్నాడు. అవతలివాడు ఆవులించి కొత్తది ఇచ్చాడు. ఆఫీసు పూలు పంపింది, సంతాప సందేశం పంపింది, మేనేజర్ రెండు నిమిషాలు మౌనం కూడా పాటించాడు. అకౌంట్ తీసేయాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. అలా తీసేయాలంటే సంబంధిత ఉద్యోగి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలట.

హైపర్‌వైజర్ లోపల మెషీన్లను లైనుకు కలిపే స్విచ్‌లు కూడా ఉత్తుత్తివే. అసలు నెట్‌వర్క్ కార్డు తగిలిస్తేనే వాటికి బయటి తీగతో సంబంధం. ముల్లు ఒక కొత్త స్విచ్ చేశాడు. దానికి ఏ కార్డూ తగిలించలేదు. 'మెయిల్ లోపలి లైన్' అని ముచ్చటైన పేరు పెట్టాడు. అసలు లైనుకు ఉన్న పేరు ఎవరికీ కొరుకుడుపడని అంకెలు. తర్వాత ఆ తీగ లేని స్విచ్ మీద ఒక చిన్న వర్చువల్ మెషీన్, అంటే ఉత్తుత్తి కంప్యూటర్, కూర్చోబెట్టి దాని నిండా ఆఫీసు పాత మెయిళ్ళు కూరాడు. సెలవు చీట్లు, క్యాంటీన్ మీద ఫిర్యాదులు, పార్కింగ్ తగాదాలు. ముఠా చదువుకోవడానికి అంతకంటే తగిన సాహిత్యం అతనికి దొరకలేదు.

పొద్దున నెమలి వచ్చింది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. ముత్యాల రంగు సూటు, నల్ల కళ్ళద్దాలు. వెనకే ఇస్త్రీ నలగని టై కట్టుకున్న కంపెనీ ఇంజనీర్ ఒకడు. అతని చేతులు చాలా శుభ్రంగా ఉన్నాయి. లిఫ్టులో సూది పట్టుకున్న చేతులు ఇవేనని ముల్లుకు నమ్మకం కుదిరింది.

"ఇక్కడ ఏసీ చల్లగా లేదే," అంది నెమలి.

"బయటికంటే నయం మేడమ్," అన్నాడు ముల్లు. ఇంత దిక్కుమాలిన కోడ్ వర్డ్ రాసినవాడికి కూడా నెలనెలా జీతం అందుతోంది.

టై మనిషి కుర్చీ లాక్కుని, ఫైలును దింపే డిప్లాయ్ విజార్డ్ తెరిచాడు. ఫైలు ఎంచుకున్నాడు. సంతకం సరిపోలేదని పసుపు రంగు హెచ్చరిక వచ్చింది. నెక్స్ట్. లైసెన్స్ ఒప్పందం వచ్చింది. నెక్స్ట్. డిస్కు ఎక్కడ పెట్టాలో అడిగింది. నెక్స్ట్. ఒక మనిషి ప్రాణం తీసి సంపాదించుకున్న పని ఇది, వీడు ఒక్క లైను కూడా చదవడం లేదు. ఒకప్పటి గూఢచారులు విషం కలిపేముందు సీసా మీది చీటీ అయినా చదివేవారు.

నెట్‌వర్క్‌ల దగ్గర విజార్డ్ ఆగింది. అప్లయన్స్‌కు రెండు కాళ్ళు. ఒకటి బయటికి, ఒకటి లోపలికి.

"లోపలిది ఏది?" అన్నాడు టై మనిషి తల తిప్పకుండా.

"పేరులోనే ఉంది సార్."

నెక్స్ట్. ఫినిష్.

అప్లయన్స్ లేచింది. అడ్రస్ ఇచ్చారు, గడియారం సరిచేశారు, పాస్‌వర్డ్ పెట్టారు. అన్నీ పచ్చరంగులోకి తిరిగాయి. టై మనిషి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. హెడ్డాఫీసులో ఎవడో, అక్షరాలు కూడబలుక్కుంటూ, మెయిళ్ళు వస్తున్నాయన్నాడు.

"ఒక్క స్నాప్‌షాట్ తీసుకుంటాను సార్. మా రూలు," అన్నాడు ముల్లు అమాయకంగా. "రేపు ఏదన్నా చెడితే ఇప్పుడున్నట్టుగా వెనక్కి తెచ్చుకోవచ్చు."

"ఏదో ఒకటి తగలడు."

ముల్లు స్నాప్‌షాట్ తీశాడు. అంతా సవ్యంగా ఉందనిపించింది. ఆ అనిపించడమే తప్పు.

"ఏమేం వస్తున్నాయి?" అని నెమలి ఫోన్‌లోకి వంగింది.

"ఒకాయనకు కడుపునొప్పి, సెలవు కావాలి. సాంబారు పల్చగా... కాదు, పులుసు నీళ్ళగా ఉంది. నా కారు చోట ఎవరో కారు పెట్టారు."

నెమలి నల్ల కళ్ళద్దాలు తీసింది. మౌస్ అందుకుని స్విచ్ బొమ్మ తెరిచింది. ఎడమవైపు మెషీన్లు ఉన్నాయి. కుడివైపు కార్డు ఉండాల్సిన చోట ఖాళీ.

"దీనికి తీగ ఏదీ?" అంది నెమ్మదిగా.

ముల్లు వెర్రి మొహం వేశాడు. జేబులోని పెన్నులు సర్దుకున్నాడు. టై మనిషి అతన్ని పైనుంచి కిందికి చూసి, పెదవి విరిచాడు.

"ఇలాంటి మొద్దులను ఎక్కడ ఏరుకొస్తారో. వీడి అడ్మిన్ హక్కులు తీసేస్తున్నా. వెళ్ళి కాఫీ పట్రా."

ముల్లు తల వంచుకుని బయటికి నడిచాడు. తనను వెధవ అనుకున్నందుకు అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. వెనక నెమలి గోళ్ళు కీబోర్డు మీద టకటకమన్నాయి. అప్లయన్స్ లోపలి కాలును ఆమె అసలు లైనుకు మారుస్తోంది.

పక్క గదిలో చనిపోయిన ఇంజనీర్ బల్ల అలాగే ఉంది. ముల్లు కంప్యూటర్ తెరిచి ఆయన పేరుతో లోపలికి వెళ్ళాడు. తెర మీద అసలు లైను కలిసింది. నిజమైన మెయిళ్ళు కదలడం మొదలైంది. బావ మెసేజ్ ఏ క్షణంలోనైనా అందులో పడొచ్చు. ముల్లు స్నాప్‌షాట్ మీద నొక్కి, వెనక్కి తిప్పమని 'రివర్ట్' అన్నాడు. ఇప్పటి స్థితి పోతుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాడు. నీలం గీత కొంచెం పాకి మధ్యలో నిలబడిపోయింది. దేశాలను కూల్చే ముఠాలకు ఎప్పుడూ భయపడని మనిషి, ఆ నీలం గీత ముందు చేతులు జోడించాడు. అక్కా అనుకున్నాడు పైకే.

గీత నిండింది. అప్లయన్స్ తిరిగి తీగ లేని స్విచ్ మీద కూర్చుంది.

అవతలి గదిలో కుర్చీ పడిన చప్పుడైంది. ముల్లు వెళ్ళేసరికి టై మనిషి గోడకు అంటుకుపోయి ఉన్నాడు. తెర అడుగున, ఎవరు ఏ పని చేశారో చూపించే వరసలో, చనిపోయిన ఇంజనీర్ పేరు మెరుస్తోంది. పక్కన 'రివర్ట్ పూర్తయింది' అని ఉంది.

"వాడు... వాణ్ణి నేనే కదా లిఫ్టులో..." అన్నాడు. ఆ పొద్దున అతను శ్రద్ధగా చదివిన మొదటి లైను అదే.

స్పీకర్ గరగరలాడింది. "మధ్యలో కాసేపు ఆగిపోయాయి. ఏమైంది అక్కడ?"

నెమలి గోడకు అంటుకున్నవాణ్ణి చూసింది. తలుపులో ఉన్న దూది బొజ్జను చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది. ముల్లు చెయ్యి ఫోను దాకా చేరదు. బావ ప్రాణం ఇప్పుడు రెండు జీతాల మనిషి నాలుక మీద ఉంది.

"తీగ వదులైంది," అంది నెమలి తీరిగ్గా. "ఇప్పుడు చూడండి."

"ఆ, వస్తున్నాయి. పులుసు మీద ఇంకో ఫిర్యాదు."

ఫోన్ పెట్టేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు తీసి టై మనిషి వైపు తిప్పింది. ముల్లు వాడి టైతోనే వాడి చేతులు కట్టాడు.

"ఇంతకీ మీరు ఎవరి వైపు?" అన్నాడు.

"ఇవాళ మీ వైపు. రేపటి సంగతి రేపు ఫోన్ చేసి కనుక్కోండి."

అసహ్యం వేసింది. దండం పెట్టాలనీ అనిపించింది. రెండోది అతను బయటికి కనబడనివ్వలేదు.

అసలు లైను మీద, ముఠా కంటికి కనబడకుండా, బావ మెసేజ్ వచ్చింది. 'ఎక్కాను. కిటికీ సీటు ఇవ్వలేదు.' ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూడా సణుగుడే. ముల్లు దళసరి కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. విమానం గాల్లోకి లేచిందని పెద్దాయన కబురు పంపాకే కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో అక్క ఫోన్ చేసింది.

"మీ బావ వచ్చేస్తున్నాడ్రా. ఒక్క పరుపు కూడా అమ్ముడుపోలేదట."

"అనుకున్నాను."

"నోరు ముయ్యి. ఇవాళ నువ్వేం ఉద్ధరించావు?"

"ఒక మెషీన్‌ను వెనక్కి తిప్పాను అక్కా."

"అదీ ఒక పనేనా. నీకంటే మీ బావే నయం."

ఆ మాట నిజమేమోనని ముల్లుకు జీవితంలో మొదటిసారి అనిపించింది. అందుకే గట్టిగా కాదన్నాడు.