స్పానిష్‌లో మాత్రమే ధైర్యవంతుడు

కాఫీ నచ్చుతుందా అని శరణ్య స్పానిష్‌లో అడిగింది.

"నో మే గుస్తా," అన్నాడు తెరలోని అబ్బాయి. నచ్చదట.

వాన? నో మే గుస్తా. సినిమా? నో మే గుస్తా. సంగీతం? కాసేపు ఆలోచించి మరీ, నో మే గుస్తా.

అది ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడుపుతున్న బిగినర్స్ స్పానిష్ కోర్సు. శనివారం ఉదయం క్లాసు. పాఠం చెప్పే సుభద్ర మేడమ్ ఆ రోజే అందరినీ జంటలు జంటలుగా విడదీసి వేరే వేరే గదుల్లోకి పంపింది. గదులంటే తెర మీద గదులే. అక్కడ స్పానిష్ తప్ప మరో భాష మాట్లాడకూడదు. మాట తోచకపోతే చేతులతో చెప్పుకోవాలి. ఇవాళ కుదిరిన జంటే కోర్సు అయ్యేదాకా కొనసాగుతుంది.

ఆ ఆఖరి నిబంధన గుర్తొచ్చి శరణ్యకు నీరసం వచ్చింది. గురుగ్రామ్‌లో ఆమె ఆఫీసుకు మెక్సికో క్లయింట్లున్నారు. సర్టిఫికెట్ వస్తే ఆ ప్రాజెక్టుకు లీడ్ అవుతుంది. ఈ ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషితో ఎక్కడ నేర్చుకోవడం?

"ఏం మనిషిరా బాబూ! దేవుడు ఎదురొచ్చి వరమిస్తానన్నా నచ్చలేదనే రకం," అని గొణుక్కుంది.

అబ్బాయి ముఖంలో ఏ మార్పూ లేదు.

"వరమేందో చెప్పకుండ నచ్చిందో లేదో ఎట్ల చెప్తరండి?"

శరణ్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. "మీరు తెలుగువాళ్ళా!"

"ఉదయ్‌కిరణ్. సూర్యాపేట. మీరు?"

"కాకినాడ. ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలే. కాఫీ అడిగిన్రు."

"నిజంగానే ఇవేవీ నచ్చవా మీకు?"

"అన్నీ నచ్చుతయి. సంగీతమైతే పానం."

"మరెందుకండీ అలా?"

అతను కాస్త సిగ్గుపడ్డాడు. "పోయిన క్లాసులనే కదా ఆ మాట నేర్పిన్రు. ఇన్నేండ్లల్ల ఎవ్వరికీ నచ్చలేదని చెప్పలే నేను. అంటుంటే మంచిగనిపించింది. ఆగలేకపోయిన."

శరణ్యకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకు సుభద్ర మేడమ్ గదిలోకి వచ్చి, ఏ భాషలో నవ్వుతున్నారని అడిగింది.

*

ఉదయ్ దక్షిణ ఢిల్లీలోని జియా సరాయ్‌లో ఉంటాడు. ఇంజనీరింగ్ పరీక్షల కోచింగ్ కోసం వచ్చి, ఇప్పుడు అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్నాడు. స్పానిష్ ఎందుకంటే, అతని జీవితంలో ఎవరూ చెప్పకుండా చేసిన మొదటి పని అదే. కాలేజీ నాన్న ఎంచాడు. బ్రాంచి మేనమామ ఎంచాడు. గది రూమ్మేట్ ఎంచాడు.

వాళ్ళిద్దరూ సాయంత్రాలు ఫోన్లో ప్రాక్టీసు చేసేవారు. శరణ్య ఆఫీసు క్యాబ్‌లో, అతను డాబా మీద. కొద్ది రోజుల్లోనే ఆమె ఒక వింత కనిపెట్టింది. ఆ ఫోన్లో ఇద్దరు ఉదయ్‌లున్నారు.

స్పానిష్ ఉదయ్‌కు మొహమాటం లేదు. ఉండడానికి తగినన్ని మాటలే లేవు. "ఇవాళ నాకు కోపం. బాస్ చెడ్డవాడు. నీ గొంతు బాగుంది. ఇంకా మాట్లాడు." అన్నీ చిన్న చిన్న వాక్యాలు. ఏదీ సగంలో ఆగదు, ఏదీ వెనక్కి తగ్గదు.

తెలుగులోకి రాగానే అతను మాయమయ్యేవాడు. "పర్లేదండి. చూద్దామండి. మీ ఇష్టమండి."

ఆమె తన సంగతి కూడా గమనించుకుంది. తెలుగులో ఆమె నోరు కత్తి. ఎవరు ఏమన్నా జవాబు సిద్ధంగా ఉండేది, మనసులో ఏముందో తనకే తెలిసేలోపు నోట్లోంచి చమత్కారం దూకేది. స్పానిష్‌లో చమత్కారానికి సామాను లేదు. ఒకరోజు అతను ఎలా ఉన్నావని అడిగితే, "ఒంటరిగా ఉన్నాను," అనేసింది. అన్నాక ఆశ్చర్యపోయింది. ఢిల్లీకి వచ్చినప్పటి నుంచీ అమ్మకు కూడా చెప్పని మాట అది.

"నేను కూడా," అన్నాడతను. మాటలు వెతుక్కుని, "ఇప్పుడు కొంచెం తక్కువ," అన్నాడు.

క్యాబ్ హైవే మీద ఇరుక్కుపోయింది. చుట్టూ హారన్లు. ఇంకాసేపు ఇరుక్కుంటే బాగుండుననుకుంది.

*

కోర్సు చివరికొచ్చింది. జంటగా మౌఖిక పరీక్ష ఉందని మేడమ్ చెప్పింది. పరీక్ష ముందు వారం శరణ్యే అతన్ని కలవడానికి జియా సరాయ్ వెళ్ళింది. మెట్రో దిగేసరికి వాన. అతను ఒక్క గొడుగుతో వచ్చాడు. దాన్ని పూర్తిగా ఆమెకే పట్టి, తను తడుస్తూ నడిచాడు.

"మీరూ లోపలికి రండి. గొడుగు కిందికే కదా, ఇంట్లోకి రమ్మనడం లేదు."

"పర్లేదండి."

"చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. పర్లేదేంటి?"

అతను లోపలికొచ్చాడు. భుజం తగలకుండా నడవడానికి అతను పడే అవస్థ చూస్తే ఆమెకు ముద్దొచ్చింది.

"ఏం తిందాం?"

"మీ ఇష్టం."

"మోమోలా, పరాఠాలా?"

"మీకేది నచ్చితే అది."

పరాఠాల కొట్టు రేకు కింద నిలబడ్డారు. అనుకున్న మాట ఎలా చెప్పాలా అని శరణ్య దారంతా ఆలోచించింది. చివరికి చమత్కారం ఏదీ లేకుండానే చెప్పింది.

"వచ్చే శనివారం ఘాజియాబాద్‌లో మా పిన్ని వాళ్ళింట్లో నాకు పెళ్ళిచూపులు. అబ్బాయి పేరు సుహాస్. మంచివాడేనట."

ఉదయ్ చేతిలోని పరాఠా అలాగే ఆగిపోయింది.

"వెళ్ళనా?" అని అడిగిందామె.

అతని ముఖంలో ఏదో లేచి, గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయింది. అదంతా ఆమె కళ్ళారా చూసింది.

"మీ ఇష్టమండి," అన్నాడు.

ఆ మాట అతనికి మర్యాద అని ఆమెకు తెలుసు. ఎదుటివాళ్ళ ఇష్టానికి అడ్డు రాకపోవడమే మంచితనమని నేర్చుకుని పెరిగాడు. పెద్దవాళ్ళ ముందు అలాగే నిలబడ్డాడు, ఇప్పుడు ఆమె ముందూ అలాగే నిలబడ్డాడు. తెలిసినా నొప్పి తగ్గలేదు. మర్యాదగా మూసినా తలుపు తలుపే.

"సరే అయితే. వెళ్తాను," అంది. గొడుగు అతనికే వదిలేసి వానలో మెట్రో వైపు నడిచింది.

*

పరీక్ష, పెళ్ళిచూపులు ఒకే రోజు పడ్డాయి. ఉదయం పరీక్ష, సాయంత్రం చూపులు. అందుకని శరణ్య ముందే ఘాజియాబాద్ చేరుకుంది. ఉమ పిన్ని పట్టుచీర కట్టించింది, జడలో మల్లెలు పెట్టింది.

"ఇప్పట్నుంచీ ఎందుకు పిన్నీ? వాళ్ళొచ్చేది సాయంత్రం!"

"చీర ఒంటికి అలవాటు కావాలే. అప్పటికప్పుడు కడితే ఎవరిదో తెచ్చి కట్టినట్టుంటుంది. పరీక్ష చూసుకో, ఠీక్ హై? నేను తలుపేస్తా."

లాప్‌టాప్ తెరిచింది. ఉదయ్ కనిపించాడు. ఆమెను చూసి అతని కళ్ళు ఒక క్షణం ఏ భాషకూ చెందకుండా పోయాయి.

సుభద్ర మేడమ్ సందర్భం చెప్పింది: రైల్వే స్టేషన్. శరణ్య ఊరు వదిలి వెళ్తోంది. ఉదయ్ సాగనంపడానికి వచ్చాడు. మాట్లాడుకోండి.

"నా రైలు వచ్చింది. నేను వెళ్తున్నాను," అంది శరణ్య స్పానిష్‌లో.

"నాకు ఈ రైలు ఇష్టం లేదు," అన్నాడు ఉదయ్. "ఈ స్టేషన్ ఇష్టం లేదు. నువ్వు వెళ్ళడం ఇష్టం లేదు. నాకు నువ్వు కావాలి. ఇక్కడ. రోజూ."

మేడమ్ చప్పట్లు కొట్టింది. ఇంత సహజంగా ఇప్పటిదాకా ఏ జంటా మాట్లాడలేదంది. మార్కులు తర్వాత పంపుతానని తను తెర మీంచి వెళ్ళిపోయింది. ఆ గదిలో వాళ్ళిద్దరే మిగిలారు.

"బాగా చెప్పారు," అంది శరణ్య తెలుగులో.

"మార్కుల కోసం చెప్పలే."

"నాకు తెలుసు. కానీ స్పానిష్‌లో మీరెప్పుడూ ధైర్యవంతులే కదా. ఆ మనిషిని నేనేం చేసుకోను? జ్వరమొస్తే ఎక్కడ నొప్పో కూడా చెప్పలేడు. మా అమ్మతో రెండు ముక్కలు మాట్లాడలేడు."

అతను తల దించుకున్నాడు.

"ఇంకో సంగతి. ఈ సంబంధం వద్దనడానికి నాకెవరి సాయమూ అక్కర్లేదు. ఒక్క ఫోన్ చాలు. మీరొచ్చి నన్ను కాపాడాల్సిన పని లేదు."

"మరి నేనేం చెయ్యాలె?"

"చూశారా, అది కూడా నన్నే అడుగుతున్నారు! మీకేం కావాలో మీ నోటితో వినాలి. తెలుగులో. మనుషుల ముందు. సాయంత్రం వాళ్ళొచ్చేలోపు అది వినబడకపోతే, ఆ వచ్చే అబ్బాయితో నిజంగానే మనసుపెట్టి మాట్లాడతాను. బెదిరింపు కాదు, ఉదయ్. నేను కూడా ఎవరికైనా కావాలి కదా."

పిన్ని ఇంటి అడ్రసు పంపి లాప్‌టాప్ మూసేసింది. చెప్పిన మాటలో మార్చవలసింది ఏమీ కనిపించలేదు. వంటింట్లోకి వెళ్ళి పిన్ని వేయిస్తున్న గారెలు రెండు తినేసింది.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సదాశివరావు బాబాయి సోఫా కవర్లు సర్దుతుండగా బెల్ మోగింది.

"అప్పుడే వచ్చేశారా!" అని ఉమ పిన్ని కంగారుపడింది.

గుమ్మంలో ఉదయ్. చెమటతో నుదుటికి అంటుకుపోయిన జుట్టు, ఇస్త్రీ లేని చొక్కా. శరణ్యను చూశాడు. ఆమె దగ్గరికి రాలేదు. సోఫా దగ్గరున్న బాబాయి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నమస్తే అంకుల్. నా పేరు ఉదయ్‌కిరణ్. మాది సూర్యాపేట. నేను జియా సరాయ్‌ల ఉంటా. లెక్కలు చెప్తా."

కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నవాడిలా ఒక్కో వాక్యం కట్టి, పెట్టి, ఇంకోటి కడుతున్నాడు. బాబాయి బిత్తరపోయి, చేతిలో సోఫా కవరుతోనే, "సంతోషం బాబూ," అన్నాడు.

"నాకు శరణ్య అంటే ఇష్టం. తనతోని బతకాలని ఉన్నది. సాయంత్రం చూపులు నాకిష్టం లేదు. మీరు కోపం చెయ్యొచ్చు. అయినా నాకిష్టం లేదు."

ఉమ పిన్ని నెమ్మదిగా శరణ్య వైపు తిరిగింది. "అచ్ఛా! అందుకా పొద్దున పరీక్షయ్యాక గారెలు తింటూ కూడా నవ్వలేదు నువ్వు!"

బాబాయి కవరు కింద పెట్టాడు. "మీ ఇంట్లో తెలుసా అబ్బాయ్?"

"మెట్రోల కూసొని మా నాయినకు ఫోన్ చేసిన అంకుల్. మస్తు గరమైండు. ఎవరినడిగి అనుకున్నవురా అన్నడు."

"నువ్వేమన్నావు?"

"నన్ను నేనే అడుక్కున్న అన్న. ఫోన్ పెట్టేసిండు. మళ్ళ ఆయననే చేసి, పిల్లది ఏ ఊరని అడిగిండు."

బాబాయి మీసం కింద నవ్వు దాచుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయాడు. "ఉమా, అబ్బాయికి మంచినీళ్ళియ్యి. నీళ్ళ కంటే ముందు కుర్చీ ఇయ్యి, పడిపోయేలా ఉన్నాడు."

"మరి ఆ సుహాస్ వాళ్ళకేం చెప్పను?" అంది పిన్ని.

"నువ్వు చెప్పడం ఎందుకు పిన్నీ? నేను చెప్తాను." శరణ్య పిన్ని దగ్గర నంబరు తీసుకుని, సుహాస్‌కే నేరుగా ఫోన్ చేసింది. చుట్టూ తిప్పకుండా, నొప్పించకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి అబ్బాయి చివరి నిమిషంలోనైనా నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. మంచివాడేనన్న మాట అబద్ధం కాదనుకుందామె.

బాబాయి వాళ్ళిద్దరినీ బాల్కనీలోకి పంపాడు. కింద మార్కెట్, రిక్షాలు, అవతల మెట్రో పట్టాలు.

"సర్టిఫికెట్ రాగానే నాకు మెక్సికో ప్రాజెక్టు ఇస్తారు," అంది శరణ్య. "పెళ్ళయ్యాక గురుగ్రామ్‌లోనే ఇల్లు తీసుకోవాలి. ఆఫీసుకి దగ్గర."

"నేనుండను," అన్నాడు ఉదయ్.

"ఏంటి?"

"ఆ అద్దాల బిల్డింగులల్ల నాకు ఊపిరాడదు. మా పిల్లలు క్లాసయినంక కూడ డౌట్లడుగుతరు. నేను దగ్గర్ల ఉండాలె."

"రోజూ జియా సరాయ్ నుంచి నేనెలా తిరగను? నా ఉద్యోగం ఉద్యోగం కాదా?"

"నాదీ ఉద్యోగమే కదా. నడిమిట్ల ఎక్కడన్న చూద్దాం. కానీ గురుగ్రామ్ అయితే ఒద్దు."

"మొండితనం ఎప్పుడు నేర్చుకున్నారు మీరు?"

"పొద్దున్నే షురూ చేసిన."

ఆమె గొంతు పెరిగింది. అతనిదీ పెరిగింది. కళ్ళల్లోకి చూస్తూనే వాదించుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గడం లేదు. జడలోని మల్లెలు రెండు రాలి అతని చెప్పుల మీద పడినా గమనించలేదు.

లోపల్నుంచి పిన్ని కేక వేసింది. "ఏంటే శరణ్యా, అప్పుడే గొడవా?"

"అవును పిన్నీ!" అంది శరణ్య, నలుగురికీ వినిపించాలన్నంత గర్వంగా. "ఇప్పుడే మొదలైంది!"