డైరెక్టరు గారి చెల్లెలు

ఆళ్లగడ్డలో తమ ఇంటి ముందు జీపు ఆగగానే లూదియా వాకిట్లోకి పరుగెత్తింది. అన్నయ్య ఆనందరావు! నంద్యాలలో చినిగిన చొక్కాతో బడికెళ్లి, రాష్ట్రం మొత్తానికి పశువుల శాఖ డైరెక్టరైన అన్నయ్య! ఎన్ని వేలమంది ఉద్యోగాలో ఆయన చేతిలో... ఆ వేలమందిలో ఒకడు ఆమె భర్త ఏలీయా. ఊరూరా తిరిగి పశువులకు సూదులు వేసే చిన్న ఉద్యోగి. తొలకరిలో అతను సూదులు వేసినా ఎద్దులు గొంతువాపుతో చచ్చిపోయాయి. రైతులు గొల్లుమన్నారు. విచారణలో తప్పంతా ఏలీయాదేనని తేల్చారు. ఆఖరి మాట మాత్రం డైరెక్టరుది!

జీపులోంచి తల్లి బాలమ్మ కూడా దిగింది. హైదరాబాదులో కొడుకు దగ్గరే ఉంటోందామె. బిడ్డను చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

"అన్నా, మందే చెడిపోయిండె!" లూదియా ఏడుస్తూ అంది. "మందును చల్లగా పెట్టే పెట్టె పాడై యాడాదాయె. అయినా ఏసేయమని ఈడి ఆఫీసరే చెప్పినాడు. ఈయప్ప ఏం జేస్తాడన్నా?"

ఏలీయా బావమరిది ముందు కూర్చోవడానికి కూడా జంకి, గడప దగ్గరే నిలబడ్డాడు.

ఆనందరావు తల వంచుకున్నాడు. "తెలుసమ్మా... కొత్త పెట్టె కావాలని నంద్యాల మీటింగులో ఆ ఆఫీసరు నన్నే అడిగినాడు. మంజూరు చేసే అధికారం నాదే. వచ్చే ఏడు చూద్దాంలే అంటి..."

"అట్లయితే తప్పు నీదే గదన్నా!"

"నాదే! ఆ మాట బయటికి చెప్తే నా కుర్చీ ఉండదు. ఏలీయాను వదిలేస్తే చెల్లెలి మొగుడని వదిలినాడంటారు. ఉద్యోగం తీసేస్తూ నిన్ననే సంతకం పెట్టేసినా, లూదియా!"

"పైన మంత్రి లేడా అన్నా? ఆయన కాళ్లు పట్టుకుంటా!"

"ఆయనా నేను రాసిందే చూస్తాడమ్మా..."

లూదియా గోడకు జారగిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఏ దేవుడికి మొక్కినా అన్నయ్య పెద్దవాడు కావాలనే కదా మొక్కింది! ఆ పెద్దరికం తన చిన్న బతుకుమీదే పడుతుందని ఎలా అనుకుంటుంది...

బాలమ్మ మెల్లగా వెళ్లి జీపులోని తన మూట దించుకుంది.

"అమ్మా! ఏందిది?"

"నేను రాను నాయనా. నీ ఇంట్లో ఇంక నాకు ముద్ద దిగదు. ఈడ గంజి తాగినా నా బిడ్డతోనే ఉంటా... నువ్వు పో."

ఆనందరావు తల్లి చేతులు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది. కన్నీళ్లు తుడుచుకుంటూ ఆయన జీపెక్కాడు.

బండి కదిలింది. ఇన్నేళ్ల అలవాటు... ఏలీయా చెయ్యి దానంతటదే లేచి నుదుటిని తాకింది. డైరెక్టరు గారికి సలాం! లూదియా చూడలేకపోయింది. దగ్గరికెళ్లి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"ఇంక ఆ పని లేదులేయ్యా," అంది. "లోపలికి రా..."